విల్లమెట్ లోయలో కామస్ పూలు, ప్రెయిరీలు: వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ వచ్చిందంటే హిల్స్‌బోరో, బీవర్టన్, పోర్ట్‌లాండ్ తెలుగువాళ్ళ నుంచి ఈ ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. ప్రశ్నలను అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాం. ఏ ప్రశ్న దగ్గర ఆగినా దాని జవాబు అక్కడే పూర్తవుతుంది, వరసగా చదవాల్సిన పని లేదు.

## వెళ్దామా వద్దా అనుకుంటున్నప్పుడు

ప్రెయిరీ అంటే ఉత్త గడ్డిమైదానమే కదా? చూడ్డానికి ఏముంటుంది?

దూరం నుంచి గడ్డే. దగ్గరికెళ్తే ఒక ఊరివాళ్ళందరి కడుపు నింపిన పొలం అది. ఒరెగాన్‌లో విల్లమెట్ లోయ దాదాపు 150 మైళ్ళ పొడవుంటుంది. ఇక్కడ వేల ఏళ్ళుగా బతికిన కలపూయా ప్రజలు నాగలి పట్టలేదు. ఏటా నిప్పు పెట్టి, దుంపలు తవ్వి, గింజలు దులిపి, ఈ నేలను తమకు కావలసిన మొక్కలతో నింపుకున్నారు. నీలిరంగు పూలు పూసే కామస్ మొక్క దుంప వాళ్ళ ముఖ్య ఆహారం. తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడ్డాక ఆ నేలంతా గోధుమ పొలాలు, గడ్డివిత్తనాల పొలాలు, ఊళ్ళు అయిపోయింది. అప్పటి ప్రెయిరీలో ఇప్పుడు రెండు శాతం కూడా మిగల్లేదు. మీరు చూడబోయేది ఆ మిగిలిన ముక్కలను, వాటి పక్కన పాత పొలాల్లో మళ్ళీ విత్తి పెంచిన కొత్త ముక్కలను. ఈ సంగతి తెలిసి చూస్తే గడ్డి గడ్డిలా కనపడదు.

కామస్ పూలు ఎప్పుడు పూస్తాయి? ఏ వారం వెళ్తే బాగుంటుంది?

పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల మామూలుగా ఏప్రిల్ మూడో వారం నుంచి మే రెండో వారం దాకా. ఒక్క వారాంతమే వీలైతే ఏప్రిల్ చివరిది పెట్టుకోండి. చలి ఎక్కువున్న ఏడాది వారం పది రోజులు వెనక్కి జరుగుతుంది, మార్చిలోనే ఎండలు కాస్తే ముందుకొస్తుంది.

కామస్ అయిపోయిందని ప్రెయిరీ అయిపోయినట్టు కాదు. మే మధ్య నుంచి కిన్‌కెయిడ్ లూపిన్, జూన్‌లో గులాబీరంగు చెకర్‌మాలో, జూలై తర్వాత పసుపుపచ్చ టార్‌వీడ్ పూస్తాయి. నీలిరంగు మడుగులా కనిపించే దృశ్యమే కావాలంటే మాత్రం కామస్ వారాలు తప్పిపోకూడదు. 1806 జూన్‌లో, పడమటి తీరం దాకా వెళ్ళి తిరిగొస్తున్న లూయిస్, క్లార్క్ యాత్రలోని మెరివెదర్ లూయిస్ ఇడహో కొండల్లో పూసిన కామస్‌ను దూరం నుంచి చూసి, తేటనీటి చెరువనే అనిపించిందని రాసుకున్నాడు. అక్కడ ఎత్తు ఎక్కువ, అందుకే జూన్‌లో పూస్తుంది.

పోర్ట్‌లాండ్ దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలి?

ముందు మీకేం కావాలో తేల్చుకోండి.

పూలు దండిగా, దగ్గరగా కావాలంటే వెస్ట్ లిన్‌లోని కమాసియా నేచురల్ ఏరియా. నేచర్ కన్సర్వెన్సీ సంస్థది. మంచుయుగం చివర వచ్చిన మిసూలా వరదలు పైమట్టిని కొట్టుకుపోగా తేలిన నల్లరాతి పలక మీద పలచటి మట్టి, అందులో వసంతకాలమంతా నిలిచే నీళ్ళు. కామస్‌కు ఇంతకన్నా మంచి చోటు ఉండదు. హైస్కూలు పక్కనే ఉంటుంది. పార్కింగ్ చాలా తక్కువ, టాయిలెట్ లేదు.

పునరుద్ధరణ ఎలా చేస్తారో చూడాలంటే విల్సన్‌విల్‌లోని గ్రాహం ఓక్స్ నేచర్ పార్కు. 250 ఎకరాలు, 2010లో తెరిచారు. మునుపు పొలాలుగా ఉన్న నేలను ఓక్ చెట్ల ప్రెయిరీగా మారుస్తున్నారు. ఐ-5 మీద 283వ ఎగ్జిట్ దిగి విల్సన్‌విల్ రోడ్డు మీద పడమరకు వెళ్ళాలి. బీవర్టన్ వాళ్ళకు కెమర్ రోడ్డు మీది కూపర్ మౌంటెన్ నేచర్ పార్కు అన్నిటికన్నా దగ్గర. ఒరెగాన్ సిటీలో కనీమా బ్లఫ్ చిన్నదే కానీ నది మీదుగా చూపు బాగా సాగుతుంది.

రోజంతా తీరిక ఉంటే సేలంకు పడమరనున్న బాస్కెట్ స్లౌ, కొర్వాలిస్‌కు దక్షిణాన విలియం ఫిన్లీ. రెండూ ఫెడరల్ వన్యప్రాణి ఆశ్రయాలు. శీతాకాలం బాతుల కోసం వీటిలో కొన్ని బాటలను మార్చి 31 దాకా మూసి ఉంచుతారు, కామస్ సమయానికి తెరిచేస్తారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు గ్రాహం ఓక్స్‌తో మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం. అక్కడ దారి సులువు, టాయిలెట్ ఉంది, పిల్లలు విసుక్కోరు.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, మోకాళ్ళ నొప్పులు. నడవగలరా? స్ట్రోలర్ వెళ్తుందా?

గ్రాహం ఓక్స్‌లో వెళ్తుంది. ఐస్ ఏజ్ టాంక్విన్ ట్రెయిల్ అని ప్రెయిరీ మధ్యగా వెళ్ళే దారి తారు వేసింది, ఎత్తుపల్లాలు తక్కువ. స్ట్రోలర్‌కూ చక్రాల కుర్చీకీ ఇబ్బంది ఉండదు. కూపర్ మౌంటెన్‌లో బాట కంకరది, పేరుకు తగ్గట్టే కొండవాలు. దిగడం తేలిగ్గా ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్ళు పట్టేస్తాయి. కమాసియాలో కొంత చెక్కబాట, కొంత రాయి, వానపడితే రెండూ జారతాయి. పెద్దవాళ్ళు చేతికర్ర తెచ్చుకోవాలి, రబ్బరు చెప్పులు వద్దు.

ఏం వేసుకోవాలి? ఏమేం తీసుకెళ్ళాలి?

- చీలమండ దాకా మూసే బూట్లు. ఏప్రిల్‌లో తడి ప్రెయిరీలో నీళ్ళు నిలిచి ఉంటాయి, మామూలు రన్నింగ్ బూట్లు పది నిమిషాల్లో నానిపోతాయి.
- పొడుగు ప్యాంటు, పొడుగు మేజోళ్ళు, లేతరంగువైతే మేలు. పిడుదు ఎక్కితే లేతరంగు మీద వెంటనే కనిపిస్తుంది.
- వానకోటు. ఉదయం ఎండగా ఉన్నా సరే.
- తాగే నీళ్ళు. చాలాచోట్ల కుళాయి ఉండదు.
- ఒక సంచిలో మార్చుకునే బూట్లు, సబ్బు, పాత తువ్వాలు. కారులో ఉంచితే చాలు.

పులిహోర డబ్బా తెచ్చుకుంటే బల్లలున్న చోటే తినండి. కరివేపాకు రెబ్బతో సహా అంతా వెనక్కి తీసుకెళ్ళాలి. రాలిన అన్నం మెతుకులకు ఎలుకలు చేరతాయి, అవి దుంపలు తవ్వుతాయి.

కుక్కను తీసుకెళ్ళొచ్చా? డ్రోన్ ఎగరేయొచ్చా?

పోర్ట్‌లాండ్ ప్రాంతీయ ప్రభుత్వమైన మెట్రో వాళ్ళ నేచర్ పార్కుల్లో ఎక్కువచోట్ల, కమాసియాలో కుక్కలకు అనుమతి లేదు, తాడు కట్టినా లేదు. ఒరెగాన్ రాష్ట్ర పాటపక్షి వెస్టర్న్ మెడోలార్క్, ఇంకా అలాంటి పక్షులు ఏప్రిల్ నుంచి జూలై దాకా గడ్డిలో నేల మీదే గూడు పెడతాయి. కుక్క వాసన తగిలినా, డ్రోన్ నీడ పడినా తల్లిపక్షి లేచిపోతుంది, గుడ్లు చల్లబడిపోతాయి. డ్రోన్‌కూ అనుమతి లేదు.

## అక్కడికి చేరాక

బాట దిగి పూల మధ్యలో నిలబడి ఫోటో దిగితే తప్పేంటి? ఒక్క నిమిషమే కదా!

అందరూ ఆ ఒక్క నిమిషమే అంటారు, పూల వారాల్లో ఒక్కరోజులోనే వందల మంది వస్తారు. కామస్ ఆకు, కాడ విరిగితే ఆ ఏడాదికి మళ్ళీ రావు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆకు తయారుచేసే తిండే దుంపలో చేరాలి. అది చేరకపోతే దుంప చిక్కిపోతుంది, మరుసటేడు పూయదు. పైగా వసంతంలో ఈ బంకమన్ను నేల తడిసి మెత్తగా ఉంటుంది. నాలుగు అడుగులు పడ్డచోట మన్ను గట్టిపడి, అక్కడ కామస్ బదులు కలుపుగడ్డి మొలుస్తుంది. జూన్‌లో వెళ్ళి చూస్తే ఎవరెవరు ఎక్కడ ఫోటో దిగారో గీతలుగా కనిపిస్తుంది.

చీరలో, లంగా ఓణీలో ఫోటోలు దిగాలనుకునేవాళ్ళు బాట మలుపు తిరిగే చోటు వెతకండి. మనిషి బాట మీదే నిలబడితే, మలుపుకు ఇవతల నుంచి తీసేవాళ్ళకు ముందూ వెనకా పూలే కనిపిస్తాయి. కెమెరాను మోకాలెత్తుకు దించి, ఫోన్‌లో రెండు మూడు రెట్ల జూమ్ పెట్టండి. అప్పుడు పూలు దగ్గరికి చేరి, మనిషి పూలలో మునిగినట్టే వస్తుంది. మబ్బుపట్టిన ఉదయం నీలంరంగు చక్కగా పడుతుంది, మధ్యాహ్నపు ఎండలో వెలిసిపోతుంది.

గేటు దగ్గర బూట్లు రుద్దుకోమని బ్రష్షు పెట్టారు. వచ్చేటప్పుడా, వెళ్ళేటప్పుడా?

రెండుసార్లూ. లోపలికి వెళ్ళేముందు మరీ ముఖ్యం. ఫాల్స్ బ్రోమ్ అనే పరాయి గడ్డి ఈ లోయలో ఎక్కువగా బూట్లకూ కుక్కల వెంట్రుకలకూ అంటుకునే పాకింది. దాని గింజకు ముల్లులాంటి తోక ఉంటుంది, బూటులేసుల ముడిలో గుచ్చుకుని ఉండిపోతుంది. ముందు అడుగుభాగం గాళ్ళలోని మట్టి రాల్చి, తర్వాత లేసులు, చివర ప్యాంటు అంచు మడతలు దులపండి. చాలామంది అడుగులు మాత్రం రుద్ది వెళ్ళిపోతారు. గింజలు ఎక్కువుండేది లేసుల్లో, మేజోళ్ళలో.

పాయిజన్ ఓక్ అంటే ఏంటి? తగిలితే ఏం చెయ్యాలి?

మన నల్లజీడి చెట్టు కుటుంబంలోదే. జీడిగింజ తొక్కలోని నూనె, మామిడికాయ సొన ఒంటిమీద పడితే కొందరికి పొక్కుతుంది కదా, ఆ జాతి రసాయనమే ఇందులో చాలా ఘాటుగా ఉంటుంది. దాని పేరు ఉరుషియోల్. మామిడి సొన పడనివాళ్ళు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఒక్కో తొడిమకు మూడేసి ఆకులు, అంచులు ఓక్ ఆకులా గుండ్రటి వంపులతో ఉంటాయి. వసంతంలో లేతాకు ఎర్రగా నిగనిగలాడుతుంది, తర్వాత పచ్చబడి, శరత్తులో మళ్ళీ ఎర్రబడుతుంది. పొదగానూ ఉంటుంది, ఓక్ చెట్టుకు తీగలా పాకీ ఉంటుంది. శీతాకాలంలో ఆకులన్నీ రాలాక ఉత్త కొమ్మ తగిలినా పొక్కుతుంది.

తగిలిందనిపిస్తే వెంటనే, వీలైతే పది నిమిషాల్లోపు, సబ్బుతో చల్లటి నీళ్ళతో బాగా కడగండి. ఆలస్యమైనా కడగడం మానొద్దు. ఈ నూనె ఊరికే నీళ్ళు పోస్తే పోదు. జిడ్డుగిన్నె తోమినట్టు సబ్బు పెట్టి గుడ్డతో రుద్ది కడగాలి. ఇంటికొచ్చాక బట్టలు విడిగా వేడినీళ్ళలో ఉతకండి. బూట్లు, ఫోన్ కవరు, కారు స్టీరింగ్ తుడవండి. రెండోసారి పొక్కడానికి చాలాసార్లు ఇవే కారణం. దద్దురు సాధారణంగా 12 నుంచి 48 గంటల్లో మొదలై ఒకటి నుంచి మూడు వారాలు ఉంటుంది. బొబ్బల్లోని నీరు అంటుకుంటే వేరేవాళ్ళకు రాదు, బిడ్డను ఎత్తుకోవచ్చు. ముఖం, కళ్ళు వాచినా, ఊపిరి ఇబ్బందైనా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దీని కట్టెలను ఎక్కడా కాల్చొద్దు, పొగ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

పాములు, పిడుదులు ఉంటాయా?

పాము కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ గార్టర్ పామే. సన్నగా, ఒంటిమీద పొడుగు చారలతో ఉంటుంది, మనిషికి హాని చెయ్యదు. దాని దారిన దాన్ని పోనివ్వండి.

పిడుదుల సంగతి ఎక్కువ పట్టించుకోవాలి. వసంతంలో గడ్డికొసల మీద కాచుకుని ఉంటాయి. బాట మధ్యలో నడిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, నడుము, చంకలు, చెవుల వెనక, పిల్లల తలలో వెతకండి. పట్టుకుని ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నేరుగా పైకి లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో జ్వరమో దద్దురో వస్తే పిడుదు కుట్టిందని డాక్టరుకు చెప్పండి.

పిల్లలకు ఏం చూపించాలి? అయిదు నిమిషాలకే విసుగొస్తోంది.

పెద్ద దృశ్యం పెద్దలకు. పిల్లల్ని బాట అంచున కూర్చోబెట్టి ఒక్క మొక్కను చూపించండి. వాన పడ్డాక లూపిన్ ఆకు దగ్గరికి తీసుకెళ్ళండి: అరచెయ్యి విప్పినట్టు ఆకులు చుట్టూ పరుచుకుని, సరిగ్గా మధ్యలో ఒక నీటిబొట్టు గుండ్రంగా నిలబడి ఉంటుంది. మే, జూన్‌లలో ఆ లూపిన్ చుట్టూ అంగుళం వెడల్పున్న సీతాకోకచిలుకలు తిరిగితే జాగ్రత్తగా చూడండి. మగది నీలం, ఆడది గోధుమరంగు అయితే అది ఫెండర్స్ బ్లూ కావచ్చు. ఈ లోయలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు, 1989లో మళ్ళీ కనిపించింది. 2000లో ప్రమాదపు అంచున ఉన్న జాతిగా ప్రకటించారు. ప్రెయిరీలు కోలుకున్నకొద్దీ సంఖ్య పెరగడంతో 2023లో ఒక మెట్టు తగ్గించి ముప్పున్న జాతుల్లోకి మార్చారు. ఎక్కువగా కిన్‌కెయిడ్ లూపిన్ ఆకు అడుగునే తెల్లటి చిన్న గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగు వేసవి చివర నుంచి శీతాకాలమంతా ఆ మొక్క మొదట్లోనే నిద్రపోతుంది. ఆకు తిప్పి చూడకండి, వంగి చూస్తే చాలు.

## మొక్కల గురించి

కామస్‌ను ఎలా గుర్తుపట్టాలి? రెండు రకాలంటారు, తేడా ఏంటి?

గడ్డిపోచల్లాంటి ఆకుల మధ్య నుంచి ఒకే కాడ లేస్తుంది, దాని చుట్టూ నీలం, ఊదా మధ్య రంగులో ఆరు రేకుల పూలు. కింది మొగ్గ ముందు విచ్చుకుని వరసగా పైకి పోతుంది. అందుకే ఒకే కాడకు కింద వాడిన పూలు, మధ్యలో విచ్చినవి, కొసన మొగ్గలు ఉంటాయి.

మామూలు కామస్ అడుగు రెండడుగుల ఎత్తు. ఆరు రేకుల్లో ఒకటి కిందికి విడిగా వంగి, అయిదు పైకి ఉంటాయి. పెద్ద కామస్ మూడడుగుల దాకా పెరుగుతుంది, రేకులు నక్షత్రంలా సమంగా పరుచుకుంటాయి. వాడిన పువ్వు చూస్తే తేడా ఇంకా తేలిక: పెద్ద కామస్‌లో ఆరు రేకులూ కాయ మీద కలిసి మెలిపడతాయి, మామూలుదానిలో దేనికది వాడి వేలాడుతుంది.

పక్కనే తెల్లగా గుత్తిగా పూసింది కూడా కామసేనా?

కాకపోవచ్చు, అది డెత్ కామస్ కావచ్చు. పేరులోనే మృత్యువు ఉంది. మీగడరంగు చిన్నపూలు కొసన దట్టంగా గుత్తికట్టి ఉంటాయి. ఇదీ కామస్ పెరిగే మైదానాల్లోనే పెరుగుతుంది. పువ్వున్నప్పుడు తేడా స్పష్టం. పువ్వు రాలిపోయాక ఆకులూ, మట్టిలోని దుంపలూ చూసి చెప్పడం కష్టం, రెండూ చిన్న ఉల్లిగడ్డలా ఉంటాయి. డెత్ కామస్ దుంపలో, ఆకులో, పువ్వులో అన్నిటా విషమే. ఉడికించినా, కాల్చినా పోదు. ఉల్లివాసన ఉండదు, అడవి ఉల్లి అనుకుని తిన్నవాళ్ళు ఆస్పత్రి పాలయ్యారు. కామస్ తవ్వుకునే కలపూయా కుటుంబాలు పూలు ఉండగానే డెత్ కామస్‌ను గుర్తుపట్టి పెరికేసేవి, ఏళ్ళ తరబడి అదే మడిని శుభ్రంగా ఉంచుకునేవి. పిల్లలు ఏ మొక్కనైనా నమిలితే ఇంట్లో మందులు ప్రయత్నించకుండా పాయిజన్ కంట్రోల్‌కు 1-800-222-1222కు ఫోన్ చెయ్యండి.

కామస్ దుంప రుచి ఎలా ఉంటుంది? ఎలా వండేవారు?

సరిగ్గా వండితే నల్లబడి, మెత్తబడి, తియ్యగా ఉంటుంది. పచ్చిదాంట్లో ఉండేది పిండి కాదు, ఇన్యులిన్. మన పేగులు దాన్ని అరిగించుకోలేవు, కడుపు ఉబ్బి గ్యాసు పట్టేస్తుంది. చాలాసేపు ఆవిరిలో మగ్గితే ఆ ఇన్యులిన్ విరిగి పండ్లలో ఉండే చక్కెరగా, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. కిటుకంతా ఆ చాలాసేపులో ఉంది.

గొయ్యి తవ్వి, అడుగున రాళ్ళు పరిచి, వాటి మీద కట్టెలు మండించి రాళ్ళను ఎర్రగా కాల్చేవారు. నిప్పులు తీసేసి పచ్చి ఆకులు, తడిగడ్డి మందంగా పరిచి, దుంపలు పోసి, మళ్ళీ ఆకులు కప్పి, పైన మన్ను పూడ్చి, ఆ మన్ను మీద మంట వేసేవారు. ఒకరోజు నుంచి రెండు మూడు రోజులు అలా మగ్గాలి. తొందరపడి తెరిస్తే సగం మాగిన దుంప, సగం తీపి, నిండా కడుపునొప్పి. ఆకులు తక్కువైతే రాళ్ళ పక్కన మాడిపోతుంది. మాగినవాటిని దంచి బిళ్ళలుగా ఎండబెట్టి శీతాకాలానికి దాచుకునేవారు, దూరపు తెగలకు మారుగా ఇచ్చి సరుకులు తెచ్చుకునేవారు.

తవ్వడానికి కొమ్ముపిడి ఉన్న కర్ర వాడేవారు. పెద్ద దుంపలు తీసుకుని చిన్నవి మట్టిలోనే వదిలేవారు. తవ్వడం వల్ల నేల గుల్లబారి మిగిలినవి బాగా ఊరేవి. నల్లమల చెంచులు కర్రతో అడవిదుంపలు తవ్వుకోవడం ఎరిగినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

పార్కుల్లో తవ్వడం మనకు నిషేధం. కొన్నిచోట్ల స్థానిక తెగలవాళ్ళు భూమిని చూసుకునే సంస్థలతో కుదుర్చుకున్న ఒప్పందంతో సేకరిస్తారు. వాళ్ళు తవ్వుతూ కనిపిస్తే అడగకుండా ఫోటో తియ్యకండి.

కామస్ కాకుండా కలపూయాలు వాడిన మొక్కలు ఇంకేం కనిపిస్తాయి?

టార్‌వీడ్ ముందు చెప్పాలి. ఆకూ కాడా జిగురుగా, ఘాటైన వాసనతో ఉంటుంది. నిప్పుపెట్టి ఆ జిగురు కాలిపోయాక, ఎండిన తలలను కర్రతో బుట్టలోకి దులిపి, గింజలు వేయించి పిండి చేసుకునేవారు. కుటుంబాల వారీగా మళ్ళు పంచుకుని ఉండేవి. యాంపా అని తెల్లటి గొడుగుపూల మొక్క, దాని సన్నదుంప తినేవారు. ఒరెగాన్ వైట్ ఓక్ కాయలను వగరు పోగొట్టి తినేవారు. అడవి హేజెల్ పొదను కాల్చితే మరుసటేడు తిన్నటి పొడవైన చువ్వలు లేస్తాయి, బుట్టలల్లడానికి అవే కావాలి, కాల్చని పొద చువ్వ గణుపులతో వంకరపోతుంది. నేల మీద పాకే అడవి స్ట్రాబెర్రీ, దెబ్బలకు వాడే యారో కూడా బాట పక్కనే కనిపిస్తాయి.

పూజకు నాలుగు పూలు కోసుకోవచ్చా? సెప్టెంబరులో బతుకమ్మకు?

కోయకూడదు, చట్టప్రకారం కూడా. వసంతంలో కోసిన పువ్వు గింజ కట్టదు. సెప్టెంబరులోనైతే ఇంకా నష్టం: అప్పుడు ఎండినట్టు కనిపించే తలలన్నీ గింజలతో ఉంటాయి, వచ్చే ఏడాది విత్తనం అదే. బతుకమ్మకు పెరట్లో వేసుకున్న బంతి, చేమంతి, జినియా ఉత్తమం. ఇక్కడ చలికి మే రెండో వారంలో నాటితే సెప్టెంబరుకు నిండుగా పూస్తాయి. లోయలోని పూలతోటల్లో డబ్బు కట్టి మనమే కోసుకునే వీలుంది.

పవిత్రమైన నేల అంటున్నారు. పసుపు కుంకుమ వేసి, కొబ్బరికాయ కొట్టొచ్చా?

దండం పెట్టుకోండి, ఏమీ వదలకండి. ఎంత భక్తితో పెట్టినా అక్షింతలు, పూలు, కొబ్బరి చిప్ప అక్కడి నేలకు పరాయివి. రాళ్ళు పేర్చడం, కొమ్మలకు దారాలు కట్టడం కూడా వద్దు. ఇవి ఇంకొకరి పెద్దలు సాకిన మళ్ళు, వాళ్ళ వారసులు ఇప్పటికీ ఇక్కడికి వస్తారు.

కలపూయాలు ఇప్పుడు ఉన్నారా?

ఉన్నారు. 1830ల మొదట్లో వచ్చిన మలేరియా వాళ్ళలో ఎక్కువమందిని తుడిచిపెట్టింది. మిగిలినవాళ్ళ చేత 1855 జనవరిలో ఒప్పందం మీద సంతకాలు పెట్టించి లోయ మొత్తాన్ని తీసుకున్నారు, 1856లో తెగలకు కేటాయించిన గ్రాండ్ రోండ్ అనే చోటికి తరలించారు. 1954లో అమెరికా ప్రభుత్వం ఆ తెగల గుర్తింపునే రద్దు చేసింది. పోరాడి సిలెట్జ్ తెగలు 1977లో, గ్రాండ్ రోండ్ తెగలు 1983లో తిరిగి సాధించుకున్నాయి. కలపూయాల వారసులు ఈ రెండు సమాఖ్యల్లోనూ ఉన్నారు. గ్రాండ్ రోండ్‌లో చచాలు అనే మ్యూజియం వాళ్ళే నడుపుతారు. పూలు చూడ్డానికి వెళ్ళే రోజుల్లోనే దాన్నీ చూడండి, వేళలు ముందు కనుక్కుని వెళ్ళండి.

## ఇదేంటి ఇలా ఉంది అనిపించినప్పుడు

మైదానమంతా నల్లగా కాలిపోయి ఉంది. ప్రమాదమా?

సెప్టెంబరు, అక్టోబరుల్లో అయితే చాలావరకు కావాలని పెట్టిన నిప్పే. శిక్షణ పొందిన సిబ్బంది గాలి, తేమ, పొగ ఎటు పోతుందో చూసుకుని, చుట్టూ తడిపి, ఒక్కో ముక్క తగలబెడతారు. ఎండుగడ్డి నిమిషాల్లో కాలిపోతుంది. కామస్ దుంప అప్పటికి నిద్రలో, జానెడు లోతు మట్టిలో ఉంటుంది. వేడి దాన్ని తాకదు. ఏళ్ళ తరబడి పేరుకున్న ఎండుగడ్డి పోయి ఎండ నేలకు తగులుతుంది, కొత్త గింజకు మట్టి దొరుకుతుంది, మరుసటి వసంతంలో పూలు ఎక్కువొస్తాయి. పోడు వ్యవసాయంలా చెట్లు కొట్టి కాల్చడం కాదిది. ఒకే ఏడు మొత్తం కాల్చరు. ఫెండర్స్ బ్లూ గొంగళిపురుగులు లూపిన్ మొదట్లో ఉంటాయి కాబట్టి, కాల్చిన ముక్కలోకి పక్క ముక్క నుంచి సీతాకోకలు తిరిగొచ్చేలా కొంత వదిలేస్తారు.

ప్రకృతిని కాపాడతామంటూ చెట్లు నరుకుతున్నారు, మందు కొడుతున్నారు. ఇదేం న్యాయం?

ఈ అనుమానం రావడం సహజం. ఇక్కడ కలపూయాలు ఏటా పెట్టే నిప్పు ఆగి నూట యాభై ఏళ్ళు దాటింది. ఆగిన కొన్ని దశాబ్దాలకే డగ్లస్ ఫర్ చెట్లు ప్రెయిరీలోకి దూసుకొచ్చి, కింద పరుచుకుని పెరిగే ముసలి ఓక్ చెట్లను మించిపోయి నీడతో చంపేశాయి. నరికేది ఆ ఫర్ చెట్లను. ఓక్‌ను ముట్టుకోరు.

మందు సంగతి: పాత పొలంలో నేలనిండా పరాయి గడ్డి గింజలుంటాయి. వాటిని అలాగే ఉంచి కామస్ చల్లితే మొదటి ఏడే గడ్డి మింగేస్తుంది. అందుకే విత్తేముందు ఒకటి నుంచి మూడేళ్ళు మొలిచినదాన్ని మొలిచినట్టు చంపుతూ నేలలోని కలుపు నిల్వ తగ్గిస్తారు. ఆ దశలో చూస్తే నేల బోసిగా, అన్యాయంగానే కనిపిస్తుంది. ఈ దశలో తొందరపడిన చోట్ల తర్వాత పదేళ్ళు కలుపు తీస్తూనే ఉండాల్సి వస్తుంది.

విత్తాక ఎన్నేళ్ళకు పూస్తుంది?

కామస్ గింజ నుంచి పువ్వు దాకా మూడు నుంచి అయిదేళ్ళు. శరత్తులో చల్లితే చలికి నాని వసంతంలో మొలుస్తుంది. మొదటి ఏడు ఒకే ఒక్క పోచ, మామూలు గడ్డి అనుకుని పీకేసేంత సన్నగా ఉంటుంది. కొత్తగా విత్తిన పార్కులో పూలు తక్కువున్నాయని నిరాశపడొద్దు.

ఆగస్టులో వచ్చాం, అంతా ఎండిపోయింది. నీళ్ళు పెట్టరా?

పెట్టరు, పెట్టకూడదు. ఈ లోయలో వేసవి పొడి. ఇక్కడి మొక్కలు జూలైకి పని ముగించుకుని దుంపలోకో గింజలోకో వెళ్ళిపోతాయి. నీళ్ళు పెడితే బాగుపడేది కలుపే.

## ఇంటికొచ్చాక

మా పెరట్లో కామస్ పెంచొచ్చా?

హిల్స్‌బోరో, బీవర్టన్‌ల బంకమన్ను దీనికి సరిగ్గా సరిపోతుంది. స్థానిక మొక్కల నర్సరీలో, అడవి నుంచి తవ్వినవి కాకుండా సాగుచేసిన దుంపలు అడిగి తీసుకోండి. సెప్టెంబరు చివర నుంచి నవంబరు లోపు, ఎండ బాగా తగిలే చోట, నాలుగయిదు అంగుళాల లోతున, ఆరు అంగుళాల ఎడంతో, మొన పైకి ఉండేలా నాటండి. పది పదిహేను ఒకచోట గుంపుగా వేస్తేనే అందం. వసంతంలో తడి ఉండాలి, వేసవిలో నీళ్ళక్కర్లేదు. ఎక్కువమంది చేసే పొరపాటు పువ్వు అయిపోగానే ఆకు కత్తిరించడం. పసుపుబారి దానంతట అది ఎండేదాకా వదిలెయ్యండి, లేకపోతే మరుసటేడు ఆకులే వస్తాయి. కుందేళ్ళు, జింకలు మొగ్గలు కొరికేస్తే మొదటి రెండేళ్ళు వల కప్పండి. పెరట్లో పెరిగిన దుంపనైనా తినడానికి వాడకండి, సరైన గుర్తింపు లేకుండా నోట్లో పెట్టదగ్గ మొక్క కాదు.

గింజలు హైదరాబాద్ తీసుకెళ్ళి వేద్దామనుకుంటున్నాం, మొలుస్తాయా?

మొలవవు. గింజకు రెండు మూడు నెలల తడిచలి కావాలి, దుంపకు చల్లటి శీతాకాలం కావాలి. పైగా విత్తనాలను అనుమతి పత్రాలు లేకుండా ఇండియాలోకి తీసుకెళ్ళడం మొక్కల క్వారంటైన్ నిబంధనలకు విరుద్ధం.

పిల్లలకు స్కూలు సర్వీసు గంటలు కావాలి. ఇక్కడ పని దొరుకుతుందా?

దొరుకుతుంది, కాలాన్ని బట్టి పని మారుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా మొక్కలు నాటడం, వసంతంలో కలుపు పీకడం, జూన్ నుంచి ఆగస్టు దాకా గింజలు ఏరడం. ట్యులాటిన్‌లో మెట్రో వాళ్ళ నేటివ్ ప్లాంట్ సెంటర్ ఉంది, ప్రెయిరీలకు కావలసిన విత్తనాలు, దుంపలు అక్కడ పెంచుతారు. గింజలు శుభ్రం చేయడం, కుండీలు మార్చడం చిన్నపిల్లలు కూడా చేయగల పని. వయసు పరిమితి, పెద్దవాళ్ళు వెంట ఉండాలా లేదా, గంటల పత్రం మీద ఎవరు సంతకం చేస్తారు అన్నవి పేరు రాయించేటప్పుడే అడిగేయండి. వచ్చేటప్పుడు తోటపని గ్లౌజులు, తడిసినా పర్వాలేని బూట్లు చాలు, పనిముట్లు మామూలుగా వాళ్ళే ఇస్తారు.